జరగని ఆపరేషన్

ఆదివారం పొద్దున్నే ఆ ఇంట్లో గొడవ ఇస్త్రీపెట్టె దగ్గర మొదలైంది.

ఆమె నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. కాలేజీలో వాలీబాల్ ఆడిన రోజుల్లో వాళ్ళ టీము రంగు నీలం. ఇవాళ ఆ టీము పాతవాళ్ళందరూ కలుస్తున్నారు. ఆమె మొగుడు, కళ్ళజోళ్ళ షాపు యజమాని, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఆదివారం పూట షికార్లేంటి? మనకి గిరాకీ ఉండేదే ఆదివారం."

"షాపు మూయమని ఎవరన్నారు? మీరు ఉండండి. నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను."

"కౌంటర్లో ఎవరు కూర్చుంటారు? నేను లోపల లెన్సులు అరగదీసుకోవాలా, బయటికొచ్చి జనం ముక్కుల మీద ఫ్రేములు పెట్టి అద్దం చూపించాలా?"

"నేను కూర్చుంటాను నాన్నా," అంది కూతురు పళ్ళు తోముకుంటూనే. "అమ్మని ఒక్కరోజు వదిలెయ్యి. మంచి పుణ్యం వస్తుంది."

"నువ్వు నోట్లో నురగతో మాట్లాడకు."

"నురగ లేకుండా మాట్లాడితే ఇంకా ఘాటుగా ఉంటుంది. ఆలోచించుకో."

ఆయన ఆలోచించుకున్నాడు. టీ చల్లారిపోయేదాకా ఆలోచించుకుని, "సరే, నేనూ వస్తాను," అన్నాడు.

తల్లీ కూతుళ్ళు ఒకేసారి తలెత్తి చూశారు. సొంత మేనత్త కొడుకు పెళ్ళికే షాపు వదిలి రాని మనిషి. భార్య వాలీబాల్ ఆడేదన్న సంగతి ఇంట్లో ఎవరైనా ఎత్తితే చాలు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే మనిషి.

"మీరెందుకండీ అక్కడికి? ఎవరూ తెలీదుగా."

"జంటగా రమ్మన్నారన్నావుగా. మళ్ళీ నేను రాకపోతే మొగుడికి పొగరంటారు. పద."

ఆమెకి అది ప్రేమేమో అనిపించింది. తప్పు ఆమెది కాదు. ఆకలిగా ఉన్న మనిషికి ఖాళీ గిన్నె చప్పుడు కూడా వడ్డిస్తున్నట్టే వినిపిస్తుంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ టీము ఎన్నోసార్లు కలుసుకుంది. ఆమెని మాత్రం ఎవరూ పిలవలేదు. ఒకసారి ఎవరో ఫొటో చూపిస్తే తెలిసింది, అందరూ కోర్టు మధ్యలో భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. ఆ రోజు షాపులో ముసలాయనకి కళ్ళజోడు బిగిస్తూ బిగిస్తూ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను మర్చిపోయారు, పోనీలే, నేనూ మర్చిపోతానని పంతం పట్టింది. ఈసారి మాత్రం మొగుడు లెన్సులు కొనటానికి బజారుకెళ్ళిన సమయంలో టీము కెప్టెన్ స్వయంగా షాపులోకి వచ్చింది. "కోచ్ మేడం రిటైరవుతున్నారు. నువ్వు రాకపోతే ఊరుకోను. నీకు ఇబ్బంది లేకుండా ముందు వరసలో కుర్చీ వేయిస్తాలే," అని చెప్పి, ఆటో ఆగి ఉందంటూ వెళ్ళిపోయింది. కుర్చీ మాట మర్యాద కోసం అన్నదనుకుంది స్టూలు మీద కూర్చున్న ఈ పిచ్చి మనిషి.

కారులో ఆయన నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ ఎవరన్నా ఏదన్నా అడిగితే నవ్వి ఊరుకో. లేనిపోని వివరాలు చెప్పకు."

"ఏం అడుగుతారు?"

"ఏదో ఒకటి. ఆరోగ్యం, గీరోగ్యం. ఆడవాళ్ళు చేరితే ఇంకేముంటుంది?"

కాలేజీ ఇండోర్ కోర్టు తలుపు తోసేసరికి పాత వాసన ముక్కుకి తగిలింది. చెక్క నేల, చెమట, రబ్బరు. అంతలో ఎవరో పరుగున వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. చూస్తే 'నిచ్చెన'. టీములో అందరికన్నా పొడుగు. నెట్ దగ్గర బంతిని కొట్టి పాతేసేది నిచ్చెనే. నిచ్చెనకి ఆ బంతి అందేలా ఎత్తి ఇచ్చే లిఫ్టరు కళ్ళజోళ్ళాయన భార్య. పొట్టిగా ఉండి గిర్రున తిరుగుతుంది కాబట్టి టీములో ఆమె పేరు బొంగరం.

"మెల్లిగా, మెల్లిగా. ఇక్కడ గడప ఉంది చూసుకో," అంది నిచ్చెన, చంటిపిల్లని నడిపించినట్టు.

"గడప కనపడుతోందే నాకు. కళ్ళజోళ్ళ షాపు నాది."

"నీ నోరు మాత్రం బాగానే ఉంది," అని నిచ్చెన నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

కోర్టు పక్కన అందరికీ బెంచీలు. ఒక్కటే కుర్చీ, మెత్త వేసి, ముందు కాళ్ళు చాపుకోటానికి చిన్న పీట పెట్టి ఉంది. ఆమెని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టారు. ఒకళ్ళు నీళ్ళు ఇచ్చారు. ఒకళ్ళు ఆమె కాళ్ళు ఎత్తి పీట మీద పెట్టబోయారు.

"ఏంటే ఇది? నేనేమన్నా పెళ్ళికూతుర్నా?"

కెప్టెన్ ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. "ఏ కాలు? ఎడమదేనా? రెండో ఆపరేషన్ తర్వాతన్నా నొప్పి తగ్గిందా?"

"ఏ ఆపరేషన్?"

కళ్ళజోళ్ళాయన మధ్యలో దూరాడు. "దాని గురించి మాట్లాడటం తనకిష్టం ఉండదండీ. చాలా బాధపడుతుంది. వదిలెయ్యండి ప్లీజ్."

అందరూ వదిలేశారు. జాలి చూపులు చూసి పక్కకి తప్పుకున్నారు. ఆమె మొగుడి మొహం వైపు చూసింది. ఆయన పైకప్పు దీపాలు చూస్తున్నాడు, వాటి పవరెంతో లెక్క కడుతున్నట్టు.

అప్పుడు మేడం వచ్చింది. జుట్టంతా తెల్లబడినా నడకలో విసురు తగ్గలేదు. వస్తూనే ఆమె నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది.

"ఏమే బొంగరం, కాలు పోతే పోయింది, మాట కూడా పోయిందా? పోయిన నెల నేను రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మీ ఆయనే తీశాడు. నా తర్వాత ఈ పిల్లలకి కోచ్‌గా నిన్ను పెట్టమని ప్రిన్సిపాల్‌కి చెప్పాను. లిఫ్టరుకే తెలుస్తుంది కోర్టు మొత్తం. కానీ నువ్వు గోడ పట్టుకుని నడుస్తున్నావట, కోర్టు చూస్తే రాత్రంతా ఏడుస్తున్నావట. బలవంతం చెయ్యలేక వదిలేశాను. బయట క్లబ్బులో ఎవడో ఉన్నాడు, వాడి పేరు ఇవాళ సాయంత్రం ఇచ్చేస్తున్నాను. పిల్లల్ని బూతులు తిడతాడని విన్నాను. ఏం చేస్తాం?"

ఆమె కుర్చీలోంచి లేచింది. "ఒక్క నిమిషం మేడం," అని మొగుడి చొక్కా చెయ్యి పట్టుకుని, నెట్లూ బంతులూ పెట్టే గదిలోకి లాక్కెళ్ళి తలుపు మూసింది. అంత వేగంగా నడుస్తున్న కుంటి మనిషిని చూసి నిచ్చెన నోరు తెరిచింది.

"ఎప్పట్నుంచి?" అంది ఆమె.

"ఏంటి ఎప్పట్నుంచి? అరవకు, బయట వింటారు."

"నా కాలు ఎప్పుడు విరగ్గొట్టావు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని నువ్వు అనటం అదే మొదలు.

"అది... పెళ్ళయిన కొత్తలో వాళ్ళు ఊరికే ఫోన్లు చేసేవాళ్ళు. ఆ మ్యాచి, ఈ మ్యాచి. అప్పుడే షాపు పెట్టాం. నువ్వు వెళ్తే నేనొక్కణ్ణీ ఏం చేసుకోను? కాలు బాగాలేదని ఒక మాట అన్నాను. అంతే. తర్వాత వాళ్ళే అడగటం మొదలెట్టారు, తగ్గిందా తగ్గిందా అని. ఏం చెప్పను? ఆపరేషన్ అన్నాను."

"రెండోది?"

"మొదటిది చేశాక కూడా తగ్గకపోతే రెండోది చేస్తారు కదా."

అబద్ధాన్ని కూడా డాక్టరు చీటీలా వరసగా చెబుతున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు కన్నా అసహ్యమైన నవ్వు.

"నేను కోర్టు చూస్తే ఏడుస్తానని ఎందుకన్నావు?"

"లేకపోతే ఇంటికొచ్చి చూస్తామన్నారు."

"చూడటానికి వస్తామన్నారా? వీళ్ళు?"

"అన్నారు."

ఆమె గోడకి ఆనుకుంది. వీళ్ళు తనని మర్చిపోయారనుకుంది. నిచ్చెన తల్లి పోయినప్పుడు కబురు తెలిసి కూడా, నన్ను పిలవని దాని ఇంటికి నేనెందుకు వెళ్ళాలని మూతి ముడుచుకుని షాపులోనే కూర్చుంది. ఆ రోజు కూడా ఈ మనిషి లోపల మిషన్ దగ్గర లెన్సు అరగదీసుకుంటున్నాడు. ఒక్క మాట అనలేదు.

"మరి కోచ్ సంగతి? అది పోయిన నెలేగా? కొత్తగా పెట్టిన షాపు కాదుగా ఇప్పుడు?"

"నీకేం తక్కువైంది చెప్పు. కడుపు నిండా తిండి, సొంత షాపు..."

"బోర్డు మీద ఎవరి పేరుంది?"

"అబ్బా, మళ్ళీ మొదలెట్టకు. నువ్వు రోజూ పొద్దున్నా సాయంత్రం ఇక్కడికొచ్చి ఈల ఊదుకుంటూ కూర్చుంటే కౌంటర్ ఎవడు చూస్తాడు? జనానికి నువ్వు పెట్టిన ఫ్రేమే నప్పుతుంది, నువ్వు వంచిన కాడే చెవికి ఆనుతుంది. మనిషిని పెడితే నిలవడు. సరే, నీకంత ఉబలాటంగా ఉంటే అమ్మాయి కాలేజీ అయిపోనీ. అది కూర్చుంటుంది. అప్పుడు చూద్దాం."

ఆయన రాజీ మాట చెప్పాననుకున్నాడు. ఆమె మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేసి బంతుల బుట్టకి తగిలాడు.

"నా కూతుర్ని ఆ స్టూలు మీద కూర్చోబెడతావా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "దాని ఏ కాలు విరగ్గొడదామనుకుంటున్నావు?"

"ఛీ, ఏం మాటలవి!"

"నీ మాటలే. నేను విప్పి చెబుతున్నానంతే. బయటికి పద. నోటితో విరిచావు కదా, అదే నోటితో అతికించు. నువ్వే చెప్పు మేడంకి."

"నాకేం పిచ్చా? ఇంతమంది ముందు? ఇంటికెళ్ళాక ఫోన్ చేసి, తగ్గిందని చెబుతాను."

"సాయంత్రం వేరేవాడి పేరు వెళ్ళిపోతుంది."

"వెళ్తే వెళ్ళనీ," అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటతో గదిలో ఉన్న గాలి కూడా అయిపోయింది.

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. నిచ్చెన దగ్గరికి వెళ్ళి, "నీ బూట్లు ఇవ్వవే. వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకుంటాను," అంది.

"పిచ్చిదానా, నీ కాలు..."

"ఇవ్వమన్నానా!"

ఆ టీముకి ఒక అలవాటుంది. ఎప్పుడు కలిసినా పాత ఆటగత్తెలు ఒక వైపు, వాళ్ళ మొగుళ్ళు ఒక వైపు నిలబడి ఆడాలి. మొగుళ్ళ జట్టుకి అల్లుళ్ళ టీమని పేరు. ఓడినవాళ్ళు భోజనాలయ్యాక గిన్నెలన్నీ కడగాలి. అల్లుళ్ళు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గెలిచిన పాపాన పోలేదు. ఇవాళ వాళ్ళలో ఒకాయన నడుం పట్టేసి కూర్చుండిపోయాడు.

"ఒక అల్లుడు తక్కువ!" అని అరిచాడు నిచ్చెన మొగుడు. బట్టతల, బాన పొట్ట, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

"మా ఆయన ఆడతాడు," అంది ఆమె.

"నాకు రాదండీ, నాకు ఆటలు..."

"మాకు మాత్రం వచ్చా ఏంటయ్యా తోడల్లుడా! తిట్లు పంచుకోటానికి మనిషి కావాలి గానీ. రా, రా!" అని బట్టతలాయన భుజం మీద చెయ్యేసి కోర్టులోకి ఈడ్చుకుపోయాడు.

ఆమె వెనక గీత దగ్గరికి వెళ్ళింది. బంతి చేతిలోకి రాగానే వేళ్ళు వాటి పని అవి చేసుకున్నాయి. అందరూ ఆమె ఎడమ మోకాలి వైపే చూస్తున్నారు.

మొదటి బంతి గాల్లో ఊగుతూ వెళ్ళి కళ్ళజోళ్ళాయన ఛాతీకి తగిలింది. రెండోది ఆయన చేతుల మధ్యలోంచి జారి కాళ్ళ దగ్గర పడింది. మూడోది, నాలుగోది, అన్నీ ఆయనకే. ఖాళీ జాగా బోలెడుంది. ఆమె కళ్ళకి మాత్రం ఆ ఒక్క మనిషే ఆనుతున్నాడు. ఒక బంతి తప్పించుకోబోతుంటే ఆయన కళ్ళజోడు ఎగిరి నెట్ కింద పడింది. బట్టతలాయన తీసిచ్చాడు.

"ఏమయ్యా, మీ ఆవిడకి ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్కడుంటాడు? నా రెండు మోకాళ్ళూ ఇచ్చేస్తాను."

అందరూ గొల్లుమన్నారు. కానీ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె పక్కకి దూకి, ఒంటి మోకాలి మీద జారి, నేలకి ఆనబోయే బంతిని పైకి ఎత్తింది. సరిగ్గా నిచ్చెన చెయ్యి వచ్చే చోటికే ఎత్తింది. నిచ్చెన కొట్టలేదు. కొట్టటం మర్చిపోయి అలాగే చూస్తూ నిలబడింది. బంతి నిచ్చెన నెత్తి మీదే పడింది.

మేడం ఈల ఊదింది. చకచకా కోర్టులోకి వచ్చి, వంగి, ఆమె రెండు ప్యాంటు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా లాగి చూసింది. కోత గుర్తు లేదు. కుట్టు లేదు.

"నాకెవరు అబద్ధం చెప్పారు?" అంది మేడం, నిటారుగా నిలబడి.

కళ్ళజోళ్ళాయన భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. షాపులో రోజూ చూసేదే. లెన్సు తప్పు కోసింది ఆయనైనా, గిరాకీదారు కేకలేసేసరికి ఆయన ఇలాగే ఒక చూపు విసిరేవాడు. వెంటనే ఆమె, "నేనే తప్పు రాశానండీ, రేపటికల్లా మార్చి ఇస్తాం," అనేది. తిట్లు ఆమె తినేది. ఆయన లోపలికెళ్ళి మిషన్ తిప్పుకునేవాడు. ఇన్నేళ్ళూ వాళ్ళ వ్యాపారం నడిచింది కళ్ళజోళ్ళ మీద కాదు, ఆ ఒక్క అలవాటు మీద.

ఆమె నోరు తెరవలేదు.

ఆయన ఇంకోసారి చూశాడు. ఆమె చెంప మీది చెమట భుజానికి తుడుచుకుని ఆయన్నే చూస్తూ నిలబడింది.

"నేనే," అన్నాడు ఆయన.

"గట్టిగా," అంది మేడం.

"నేనే చెప్పాను. ఆపరేషన్ జరగలేదు. ఏ కాలికీ ఏమీ అవలేదు. షాపులో మనిషి కావాలి నాకు. అందుకని చెప్పాను."

ఎవరైనా తిడతారని చూశాడు. తిడితే బాగుండు. ఎవరూ తిట్టలేదు. కెప్టెన్ వెళ్ళి, మెత్త వేసిన ఆ కుర్చీని ఒక్క తన్ను తన్నింది. అది వెళ్ళి గోడకి కొట్టుకుంది.

నిచ్చెన వచ్చి ఆమె వీపు మీద రెండు చరుపులు చరిచింది. "ఒక్కసారి నువ్వే ఫోన్ చేసుంటే ఏం పోయేదే దొంగమొహమా! మా అమ్మ చివరిదాకా నీ గురించే అడిగింది, ఆ పొట్టిపిల్ల కాలు ఎలా ఉందని!"

"మీరే నన్ను మర్చిపోయారనుకున్నానే," అంది ఆమె, ఇక ఆగలేదు. పొడుగుదీ పొట్టిదీ కోర్టు మధ్యలో ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చారు.

మేడం వాళ్ళని కాసేపు ఏడవనిచ్చింది. ఆ తర్వాత, "చాలు. ప్రిన్సిపాల్ గారు వెళ్ళిపోతారు. చేస్తావా, చెయ్యవా?" అంది.

"చేస్తాను మేడం."

"మీ ఆయన్ని అడగవా?"

"ఆయన నన్నడిగి చెప్పాడా, కాలు విరిగిందని?"

అల్లుళ్ళ టీము ఎప్పట్లాగే ఓడిపోయింది. భోజనాలయ్యాక పెద్ద పెద్ద గిన్నెలు ముందేసుకుని వరసగా కూర్చున్నారు. బట్టతలాయన కూనిరాగాలు తీస్తున్నాడు. కళ్ళజోళ్ళాయన చివర్న, కొళాయి దగ్గర, ఒక గిన్నెనే తోమిందే తోముతున్నాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఆయన తలెత్తలేదు. కళ్ళజోడు అద్దాల మీద సబ్బు నీళ్ళో కంటి నీళ్ళో తెలియటం లేదు.

"షాపు కోసమే కాదు," అన్నాడు. "పెళ్ళికి ముందు ఒకసారి నీ మ్యాచి చూడటానికి వచ్చాను. నీకు తెలీదు. జనమంతా నీ పేరే అరుస్తున్నారు. నువ్వు అక్కడికి వెళ్తే ఇక తిరిగి రావేమోననిపించింది."

"ఎక్కడికి రాననుకున్నావు? షాపుకా, నీ దగ్గరికా?"

ఆయన గిన్నె తోమటం ఆపాడు. "రెండూ ఒకటే అనుకున్నాను," అన్నాడు. ఆ మాట తన చెవిన తనకే పడ్డాక ఆయన భుజాలు కుంగిపోయాయి. వెక్కి వెక్కి ఏడవటం మొదలెట్టాడు.

ఆమెకి ఆయన నెత్తి మీద చెయ్యి వేద్దామని అనిపించింది. వెయ్యలేదు. ఇంకా కోపం ఉంది. దాన్ని దాచుకునే ఉద్దేశం కూడా లేదు.

"ఏడిస్తే ఏడువు, చేతులు మాత్రం ఆపకు," అంది. "ఇంకో గిన్నె ఉంది. రేపట్నుంచి కౌంటర్లో జీతానికి మనిషిని పెట్టుకో. ఫ్రేము ఎలా వంచాలో ఆదివారాలు వచ్చి నేర్పుతాను. అమ్మాయి జోలికి వెళ్ళకు. ఇంటికి మాత్రం కలిసే వెళ్దాం. అక్కడింకా చాలా తిట్లు బాకీ ఉన్నాయి నీకు."

ఆయన తల ఊపాడు. తోమిన గిన్నె పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు.

ఇప్పటి టీము ఆడపిల్లలు గుంపుగా వచ్చి దూరంగా ఆగారు. ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకున్నాక, ఒకమ్మాయి ధైర్యం చేసింది.

"మేడం, రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?"

మేడం అన్నది తననేనని అర్థం కావటానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక తల దానంతటదే మొగుడి వైపు తిరిగింది, ఇన్నేళ్ళ నుంచి తిరిగినట్టే. ఆయన నోరు కూడా దానంతటదే తెరుచుకుంది. షాపు తెరిచే వేళ నాలుక చివరిదాకా వచ్చింది.

ఆయన నోరు మూసుకున్నాడు. కొళాయి శబ్దం అడ్డం రాకూడదని నీళ్ళు కట్టేశాడు.

ఆమె పిల్లల వైపు తిరిగింది.

"తెల్లారగానే," అంది. "నాకన్నా వెనక వచ్చినవాళ్ళు కోర్టు తుడుస్తారు. ఏ కాలు నొప్పి అని చెప్పినా ముందు నాకు చూపించాలి. మీ నోటితో మీరే చెప్పాలి. మీ బదులు ఇంకెవరన్నా చెబితే నేను నమ్మను."